ఎలిప్టికల్ ట్రైనర్: నాలుగేళ్లు వాడాక తేలిన సంగతులు

ఎలిప్టికల్ అంటే నిలబడి, పెడల్స్ మీద పాదాలు ఆనించి, ఉన్నచోటే నడిచినట్టు తొక్కే వ్యాయామ మిషన్. వాడినది ఫ్లైవీల్ (తొక్కుతుంటే తిరిగే బరువైన చక్రం) ముందువైపు ఉండే రకం. స్ట్రైడ్ (అడుగు పొడవు) 18 అంగుళాలు, మాగ్నెటిక్ రెసిస్టెన్స్ (తొక్కుడు బరువును అయస్కాంతంతో పెంచే పద్ధతి), 16 లెవెల్స్. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట నడిచింది. ఇంకా నడుస్తోంది. కొనేవాళ్లు మొదట అడిగేది ఎన్ని ప్రోగ్రాములు, స్క్రీన్ ఎంత పెద్దది అని. నాలుగేళ్లలో పనికొచ్చినవి ఆ రెండూ కావు. స్ట్రైడ్ సరిపోవడం, కీళ్లు గట్టిగా ఉండటం, ఈ రెండే మిషన్ని నిలబెట్టాయి.

పెడల్ పూర్తిగా ముందుకు వెళ్లిన చోటు నుంచి పూర్తిగా వెనక్కి వచ్చిన చోటు దాకా ఉండే దూరమే స్ట్రైడ్. చిన్న మిషన్లలో ఇది 12, 14 అంగుళాలే ఉంటుంది. అప్పుడు కాలు ముందుకు సాగదు, పైకీ కిందికీ తొక్కినట్టవుతుంది. మోకాలు ఎక్కువగా వంగి, పది నిమిషాలకే దాని ముందుభాగం లాగుతుంది. ఐదడుగుల పైచిలుకు ఎత్తున్నవాళ్లకు 16 నుంచి 18 అంగుళాలు, ఐదున్నర దాటితే 18 నుంచి 20, ఆరడుగులవాళ్లకు 20 పైన ఉంటే హాయిగా ఉంటుంది. రెండు పెడల్స్ మధ్య ఎడం కూడా చూడాలి. దాని గురించి ఎవరూ చెప్పరు గానీ, ఎడం ఎక్కువైతే కాళ్లు ఎడంగా పెట్టి నడిచినట్టుండి తుంటి పక్కన నొప్పి మొదలవుతుంది.

ఫ్లైవీల్ ఎన్ని కిలోలన్నది పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేస్తారు. ఆ ఒక్క అంకె చూసి కొనకండి. క్రాంక్ (పెడల్స్‌ను ఇరుసుకు కలిపే చేయి) ఒకసారి తిరిగేలోపు బెల్టు ఫ్లైవీల్‌ను చాలాసార్లు తిప్పుతుంది. అది తిరిగే వేగం రెట్టింపైతే అందులో నిలిచే శక్తి నాలుగు రెట్లవుతుంది. అందుకే తేలికైన చక్రమైనా వేగంగా తిరిగితే నడక సాఫీగానే ఉంటుంది. ఎక్కి చూసి తేల్చుకోవాలి: లెవెల్ బాగా పెంచి, నిమిషానికి 40 చుట్లకు తగ్గించి తొక్కండి. పెడల్ పైకి వచ్చినప్పుడూ కిందికి దిగినప్పుడూ ఆగి కుదిపినట్టు అనిపిస్తే దాన్ని వదిలేయండి. అలవాటైతే పోయే లోపం కాదది.

మాగ్నెటిక్ రెసిస్టెన్స్‌లో అయస్కాంతం చక్రానికి తగలదు కాబట్టి అరుగుదల ఉండదు, శబ్దమూ ఉండదు. లెవెల్ ఎంత పెట్టినా నెమ్మదిగా తొక్కితే తేలిగ్గానే ఉంటుంది, వేగం పెంచితేనే బరువు తెలుస్తుంది. చేత్తో తిప్పే నాబ్ ఉన్నవాటిలో లోపల కేబుల్ సాగుతుంది. నాబ్ తిప్పినా తేడా రాకపోతే అయస్కాంతం పాడైందని భయపడొద్దు, ముందు ఆ కేబుల్ బిగువు చూడండి.

అసలు జాగ్రత్తంతా క్రాంక్ దగ్గర. బిగించిన కొత్తలో నట్లు తమ చోట సర్దుకుంటూ కొంత వదులవుతాయి. మొదటి వారం తర్వాత ఒకసారి, నెల నిండాక ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి క్రాంక్ నట్లు, పెడల్ ఆర్మ్ బోల్టులు, హ్యాండిల్ కింది కీళ్లు బిగించాలి. అడుగడుగుకీ టక్కు టక్కుమంటున్నా అలాగే తొక్కితే ఇరుసు మీద క్రాంక్ కూర్చునే చోటు అరిగిపోతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు, భాగం మార్చాల్సిందే. ఐదు నిమిషాల స్పానర్ పనిని వాయిదా వేసి మిషన్ని పోగొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది.

కిర్రుమని మోగితే ఎక్కడి నుంచో ఇలా పట్టుకోవచ్చు. మిషన్ దిగి పెడల్స్‌ని చేత్తో తిప్పండి. అప్పుడూ మోగితే బెల్టో బేరింగో. మనిషి ఎక్కితేనే మోగితే కీళ్లలోని బుష్‌లు (రాపిడి తగ్గించే గొట్టపు ముక్కలు) ఎండిపోయాయన్నమాట. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు, వేళ్లు నలగని చోట, ఒక్కో కీలు కవర్ మీద చెయ్యి ఆనిస్తే అదురు ఎక్కడుందో తెలిసిపోతుంది. బోల్టు తీసి, పాత జిడ్డు తుడిచి, లిథియం గ్రీజు పలచగా రాయాలి. తుప్పు వదిలించే స్ప్రే కొడితే రెండు రోజులు ఊరుకుంటుంది గానీ, ఉన్న గ్రీజు కూడా కొట్టుకుపోయి మళ్లీ ఇంకా గట్టిగా మోగుతుంది. పట్టాల మీద చక్రాలు దొర్లే రకమైతే పట్టాలు వారానికోసారి తుడిస్తే చాలు.

స్క్రీన్ చూపే కేలరీలను నమ్మి భోజనం లెక్క వేసుకోకండి, ఎక్కువే చూపిస్తుంది. బరువు అడగని కన్సోల్ అయితే మరీనూ. పోయినవారంతో పోల్చుకోవడానికి అదే లెవెల్, అదే నిమిషాలు, ఎన్ని చుట్లు అన్నవి చాలు. గుండె వేగానికి హ్యాండిల్ పట్టీలకంటే ఛాతీ బెల్టు నయం. వేగం ఉన్నట్టుండి సున్నా చూపిస్తే చాలాసార్లు సెన్సార్ వైరు ఊడి ఉంటుంది.

ఇరవై నిమిషాలకు అరికాళ్లు తిమ్మిరెక్కడం చాలామందికి జరిగేదే. పాదం పెడల్ మీంచి లేవదు కదా. లేసులు కాస్త వదులు చేసి, వేళ్లు కదిలిస్తూ, మధ్యలో రెండు నిమిషాలు వెనక్కి తొక్కితే తగ్గుతుంది.

కొనేముందు సీలింగ్ కొలవండి. పెడల్ అత్యంత పైకి వచ్చే ఎత్తు 15 అంగుళాలు, మనిషి 70 అంగుళాలు అనుకుంటే మొత్తం 85. పైన ఇంకో ఆరు అంగుళాలు ఖాళీ ఉండాలి. వాడేవాళ్ల బరువుకంటే మిషన్ పరిమితి కనీసం 20 కిలోలు ఎక్కువ ఉండేలా చూసుకోండి. సెకండ్‌హ్యాండ్‌ది తీసుకుంటుంటే స్క్రీన్ వెలగకపోయినా పర్వాలేదు, బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. క్రాంక్‌ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి, ఇరుసు మీద లొడలొడలాడితే మాత్రం ఎంత తక్కువకు ఇస్తానన్నా వద్దు.