ఎనిమిదేళ్ళుగా నా కారులో థర్మల్ వాక్యూమ్ వాల్వ్

"బెజవాడలో చలెక్కడుంది సార్, ఈ వాల్వ్ తీసేసి పైపు మూసేద్దాం" అన్నాడు ఆటోనగర్‌లో ఒక మెకానిక్. నేను ఒప్పుకోలేదు, మంచి పనే చేశాను.

నాది పాత కార్బురేటర్ కారు. అప్పట్లో పొద్దున్నే గేరు వేసి కాస్త యాక్సిలరేటర్ ఇస్తే చాలు, ఊపిరాడనట్టు కొట్టుకుని ఆగిపోయేది, అదే వారధి దాటేసరికి బంగారంలా నడిచేది. ప్లగ్గులు మార్చాం, కార్బురేటర్ కడిగించాం, ఏం లాభం లేదు. చివరికి తేలిందేంటంటే, కూలెంట్ దారిలో బిగించి ఉండే బొటనవేలంత థర్మల్ వాక్యూమ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోయింది.

దాని లోపల మైనం ఉంటుంది (కొన్నిట్లో బైమెటల్ బిళ్ళ, అంటే రెండు లోహాలు అతికించింది). కూలెంట్ వేడెక్కితే మైనం ఉబ్బి చిన్న పిన్నుని నెడుతుంది, అప్పుడే ఇంజిన్ పీల్చే వాక్యూమ్ ఈజీఆర్ వాల్వ్‌కి (పొగని మళ్ళీ ఇంజిన్‌లోకి వదిలే ఇంకో వాల్వ్) అందుతుంది, సైలెన్సర్‌కి పోయే పొగలో కొంత మళ్ళీ సిలిండర్లలోకి వెళ్ళి మంట వేడిని తగ్గిస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గేది అందుకే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ పొగ వెళ్తే మంట సరిగా అంటుకోదు. 80 డిగ్రీల పైన పనిచేసే ఇంజిన్‌కి మన మే నెల పొద్దుటి 30 డిగ్రీలు కూడా చలే కదా!

మొదట చవగ్గా దొరికింది వేశాను, ఏడాదికే పట్టేసింది. రెండోసారి నాలుగింతలు పెట్టి కంపెనీ పార్టు కొన్నాను. బిగించేముందు ఇంట్లో గిన్నెడు నీళ్ళలో దాని ఇత్తడి మొన ముంచి, స్టవ్ మీద పెట్టి, గొట్టంలోంచి నోటితో ఊదుతూ కూర్చున్నాను. చల్లగా ఉన్నంతసేపు గాలి పోనే లేదు, థర్మామీటర్ 54 చూపించగానే బుస్సుమని దారి ఇచ్చింది. ఎనిమిదేళ్ళయింది, ఇప్పటికీ అంతే.

బోరు నీళ్ళు మాత్రం రేడియేటర్‌లో పోయకండి. తీసిన పాత వాల్వ్ మొనకి గోరుతో గీకినా రాని తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది, అలాంటి దానికి వేడి తెలిసేదెప్పుడు? విప్పేటప్పుడు ఏ గొట్టం ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి, ప్లాస్టిక్ ముక్కులు ఇట్టే విరుగుతాయి.

ఇంకో మాట, పైపు మూసేసినా పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చేస్తుంది, ఎందుకంటే ఇలాంటి పాత పెట్రోల్ బండికి అక్కడ చూసేది ఐడ్లింగ్‌లో (బండి నిలబెట్టి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లే, నైట్రోజన్ ఆక్సైడ్లు చూడరు. కాగితం వచ్చింది కదా అనుకుంటే ఎలా, బెంజ్ సర్కిల్‌లో సిగ్నల్ దగ్గర ఆ గాలి పీల్చేది మన పిల్లలేగా.

మొన్న వాక్యూమ్ గొట్టాలు గట్టిపడి పగుళ్ళిస్తే రెండూ మార్చాను. వాల్వ్‌ని ముట్టుకోలేదు.