మిగులు లాట్ టైల్స్: చవకే, కానీ లెక్క తప్పితే కాదు

గోదాము ఖాళీ చేస్తూ తగ్గింపు ధరకు అమ్మే మిగులు టైల్స్‌లో సరుకు చాలాసార్లు మంచిదే. డిజైన్ ఆపేశారనో, ఆర్డరు పెట్టినవాళ్లు తీసుకెళ్లలేదనో పడివున్న బాక్సులవి. చిక్కు నాణ్యతలో కన్నా లెక్కలోనే ఎక్కువ. మామూలు సరుకులో నాలుగు తగ్గితే తెప్పించుకోవచ్చు. ఇక్కడ ఒక్క టైల్ తగ్గినా గది పని ఆగిపోతుంది.

అమ్మేవాళ్లు లెక్కంతా చదరపు అడుగుల్లో చెప్తారు. 10 × 12 అడుగుల గది అంటే 120 చదరపు అడుగులు. 600 × 600 మి.మీ. టైల్స్ బాక్సుకు నాలుగు ఉంటే 15.5 చదరపు అడుగులు. కాబట్టి 8 బాక్సులు, తరుగు 10 శాతం వేసుకుంటే 9. కాగితం మీద బాగానే ఉంది, ఇప్పుడు నేల మీద పరిచి చూడండి. 10 అడుగులంటే 3048 మి.మీ. గోడ దగ్గర మొదలుపెడితే అయిదు టైల్స్ పట్టి చివర 48 మి.మీ. మిగులుతుంది. 12 అడుగుల వైపు ఆరు పట్టి 58. మూడు వేళ్ల వెడల్పు ముక్కలు కోస్తుంటేనే విరుగుతాయి, విరక్కపోయినా గది అంచున అతుకేసినట్టు కనపడతాయి. పని తెలిసిన మేస్త్రీ గది మధ్య నుంచి గీత కొట్టుకుని, నాలుగు అంచులకూ సగానికి మించిన ముక్కలు పడేలా సర్దుతాడు. అప్పుడు ఒకవైపు 6, ఇంకోవైపు 7, మొత్తం 42 టైల్స్. పదిన్నర బాక్సులు, అంటే 11.

తొమ్మిదెక్కడ, పదకొండెక్కడ! అయితే ఎక్కువ పడ్డవి ఊరికే పోవు. అంచుల్లో కోయగా మిగిలే ముక్కలు దాదాపు 27 సెం.మీ. వెడల్పు ఉంటాయి, ఒక్కోదాంట్లో 10 సెం.మీ. స్కర్టింగ్ (గోడ అడుగున అంటించే) పట్టీలు రెండేసి వస్తాయి. తలుపు వదిలేస్తే ఈ గదికి కావలసింది పన్నెండున్నర మీటర్లు, అదంతా ఆ ముక్కల్లోంచే వెళ్లిపోతుంది. స్కర్టింగ్ కోసం వేరే టైల్స్ అంటగట్టబోతే ఈ లెక్క చెప్పండి.

ఇక బాక్సు మీది అచ్చు. షేడ్ (రంగు ఛాయ) నంబరు, క్యాలిబర్, లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) నంబరు అన్ని బాక్సుల మీదా ఒకటేనా అని ఒక్కొక్కటీ తిప్పి చూడాల్సిందే. పైన నాలుగు చూసి కింద వరసలు వదిలేయడమే మామూలుగా జరిగే పొరపాటు. షేడ్ తేడా షాపు దీపాల కింద తెలీదు, కిటికీ వెలుగు నేల మీద ఏటవాలుగా పడ్డప్పుడు బయటపడుతుంది. క్యాలిబర్ అంటే టైల్ అసలు కొలత. వేర్వేరు క్యాలిబర్లు కలిసిపోతే ఇంకా ఘోరం. ఒక వరసలో టైల్ 1 మి.మీ. పెద్దదైతే ఆరో టైల్ దగ్గరికి వచ్చేసరికి గీత 6 మి.మీ. పక్కకు జరిగివుంటుంది. టైల్స్ మధ్య సందు కోసం పెట్టే 2 మి.మీ. స్పేసర్ దాన్ని దాచలేదు.

సెకండ్స్ (చిన్నాచితకా లోపాలున్నవి) అని విడిగా పెట్టిన సరుకుకు మూడు పరీక్షలు చాలు. రెండు టైల్స్ ముఖాముఖి పెట్టి మూలలు నొక్కండి, ఊగితే వంపు ఉన్నట్టు. 600 × 1200 సైజులో ఈ వంపు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇటుకల వరసలా సగం జరిపి వేస్తే ఒకదాని నడుము పక్కదాని మూలకు తగిలి కాలికి గరుక్కుమంటుంది. మూడో వంతుకు మించి జరపకూడదని చెప్పేది అందుకే. రెండోది, ముఖం మీద సిరా రుద్ది తుడవండి. గ్లేజ్‌లో, అంటే పై మెరుపు పూతలో సన్నని పగుళ్లు, గుండుసూది గుంటలు ఉంటే సిరా పట్టుకుని ఉండిపోతుంది. మూడోది, వెనకవైపు నీటి చుక్క. గోడ టైల్ చుక్కను చూస్తుండగానే పీల్చేస్తుంది, దాని నీటి పీల్పు 10 శాతం దాటుతుంది. పోర్సలిన్‌ది 0.5 శాతం లోపే కాబట్టి చుక్క అలాగే నిలుస్తుంది. గోడ టైల్‌ను నేలకు అమ్మజూపితే ఎంత తగ్గించినా వద్దు.

నీళ్లు పీల్చని ఈ గుణమే అతికించేటప్పుడు ఎదురు తిరుగుతుంది. పోర్సలిన్‌కు ఉత్త సిమెంటు సరిగా పట్టదు, టైల్ అడ్హెసివ్ కావాలి. వెనక అంటుకున్న తెల్లపొడిని తడిగుడ్డతో తుడిచి, అడ్హెసివ్‌ను పళ్ల కరణీతో నేలంతా గీతలు పడేలా పరిచి అతికించాలి. అయిదు ముద్దలు పెట్టి నొక్కేస్తే కింద గుల్ల మిగిలి, బరువైన బల్ల కాలు పడ్డచోట పగులుతుంది. అదే గోదాములో అడ్హెసివ్, గ్రౌట్ (టైల్స్ మధ్య సందులు నింపేది) సంచులూ చవగ్గా కనపడతాయి. వాటి జోలికి పోవద్దు. సిమెంటు కలిసినవి కాబట్టి గడువు దాటితే సంచిలోనే గడ్డకడతాయి.

పక్కనే ఉండే కుళాయిలు, సింకుల గురించి ఒక్క మాట: ప్రదర్శనకు పెట్టినవైతే లోపలి వాషర్లు, బిగించే నట్లు ఉన్నాయో లేదో విప్పించి చూడండి. కమోడ్‌కైతే గోడ నుంచి డ్రెయిన్ గొట్టం మధ్యకు ఎంత దూరమో ముందే కొలుచుకుని వెళ్లాలి.

బాత్రూం, బాల్కనీ, వంటగట్టు వెనక గోడ, ఇలా ఒకే లాట్‌లో పని ముగిసే చోట్లకు ఈ సరుకు బ్రహ్మాండం. బాత్రూం నేలకు నున్నటివి తప్ప. హాలు నుంచి పడగ్గదుల దాకా ఒకే టైల్ పరవాలనుకుంటే మాత్రం ఇక్కడ వెతకడం దండగ, అన్ని బాక్సులు ఒకే షేడ్‌లో దొరకడం అరుదు. రవాణా కూడా లెక్కలో వేసుకోండి. 600 సైజు పోర్సలిన్ బాక్సు దాదాపు 30 కిలోలు తూగుతుంది. పదకొండు బాక్సులు మూడు క్వింటాళ్ల పైమాటే. పై అంతస్తుకు మోత కూలి విడిగా అడుగుతారు. బాక్సుల్ని పడుకోబెట్టకుండా నిలబెట్టి తేవాలి. పన్నెండో బాక్సు కూడా కొని, సీలు విప్పకుండా అటక మీద పెట్టండి. ఎప్పుడైనా గొట్టం లీకై నేల తవ్వాల్సివస్తే ఆ రంగు మళ్లీ దొరకదు.