ఐలాజిక్‌తో ఆరేళ్లు: బకెట్ ఎలివేటర్ల డిజైనులో నా అనుభవం

నెల్లూరులో రైసుమిల్లు యంత్రాలు తయారుచేసే షెడ్డులో నేను డిజైను పని చూస్తాను. యంత్రాల 3డీ మోడళ్లు చేసే ఆటోడెస్క్ ఇన్వెంటర్ సాఫ్ట్‌వేర్‌లో భాగంగా వచ్చే ఐలాజిక్‌ను ఆరేళ్లుగా రోజూ వాడుతున్నాను. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు మిల్లులకు మేము పంపే బకెట్ ఎలివేటర్లన్నీ (బెల్టుకు బిగించిన బకెట్లతో ధాన్యాన్ని పైకి ఎత్తే యంత్రాలు) ఒకే తీరుగా ఉన్నా, ఎత్తు మాత్రం ఏ మిల్లుకు ఆ మిల్లే. అందుకని మునుపు ప్రతి ఆర్డరుకూ పాత ఫైలు కాపీ చేసి, కొలతలు ఒక్కొక్కటే మార్చేవాణ్ణి. ఏదో ఒకటి మరిచిపోయేవాణ్ణి.

ఐలాజిక్‌లో విజువల్ బేసిక్ డాట్ నెట్ భాషలో రూలు రాసి పెడితే, పారామీటరు (మోడలులో పేరు పెట్టి ఉంచిన కొలత) మారగానే మోడలు దాని ప్రకారం మారుతుంది. నేను మొదట రాసిన రూలు కేసింగు (ఎలివేటరును కప్పే నిలువు రేకు గొట్టం) ముక్కలది. మా రేకు పొడవు 2440 మి.మీ. కాబట్టి మొత్తం ఎత్తును దానితో భాగిస్తాము. అయితే మిగిలిన తునక 300 మి.మీ. లోపు ఉంటే, అంత పొట్టిదానికి రెండు వైపులా ఫ్లాంజి (ముక్కలను ఒకదానికొకటి బిగించే అంచు పట్టీ) వెల్డు చేసినప్పుడు వేడికి వంకర పోతుందని మా మేస్త్రీ చెప్పారు. అప్పుడు చివరి నిండు ముక్కనూ తునకనూ కలిపి రెండు సమభాగాలు చేయాలి. 9960 మి.మీ. కేసింగుకు నాలుగు నిండు ముక్కలు, ఒక 200 తునక బదులు, మూడు నిండు ముక్కలు, రెండు 1320 ముక్కలు వస్తాయి. ఈ లెక్క ఎన్నాళ్లుగానో మేస్త్రీ మనసులోనే ఉంది. రూలు రాయాల్సి వచ్చినప్పుడే ఆయన్ను కూర్చోబెట్టి అడిగాను. ఐలాజిక్ వల్ల నాకు కలిగిన మేళ్లలో ఇదే పెద్దది.

నేను చేసిన పొరపాటు ఒకటి కొత్తవారికి తప్పక చెప్పాలి. రూలులో పారామీటరు పేరు నేరుగా రాస్తే విలువ ఆ ఫైలు యూనిట్లలో వస్తుంది; ఇన్వెంటర్ ఏపీఐ (ప్రోగ్రాములు ఇన్వెంటర్ లోపలి సమాచారాన్ని చదివే మార్గం) ద్వారా చదివితే పొడవు ఎప్పుడూ సెంటీమీటర్లలోనే వస్తుంది. నేను తునక పొడవును ఏపీఐతో చదివి 300తో పోల్చాను. 400 మి.మీ. తునక 40గా వచ్చేసరికి, అవసరం లేని చోట కూడా రూలు చివరి ముక్కలను సగం చేసింది. మొత్తం ఎత్తు సరిగానే ఉండడంతో ఎవరికీ అనుమానం రాలేదు, నిండు రేకులు మాత్రం ఊరికే కోతకు పోయాయి.

పైగా ఫైలు కాపీ చేస్తే లోపలి రూలు కూడా దానితోపాటే కాపీ అవుతుంది కనుక, ఆ తప్పును ప్రతి ఫైలులోనూ వెతికి దిద్దాను. ఆ తరువాత రూళ్లన్నీ ఎక్స్‌టర్నల్ రూల్స్‌గా, అంటే మోడలు ఫైలు బయట ఉండే రూళ్లుగా, ఒకే ఫోల్డరులోకి మార్చాను. అక్కడ పారామీటరు పేరు నేరుగా రాస్తే చెల్లదు, పారామీటర్ ఫంక్షనుతో పిలవాలి. ఆ కాస్త శ్రమ పడవలసిందే.

ప్రతిసారీ కొత్త యంత్రం చేసేవారికి నేను దీన్ని సిఫారసు చేయను. ఒకే యంత్రాన్ని కొలతలు మార్చి చేసేవారు మాత్రం వెంటనే మొదలుపెట్టవచ్చు. రూలు పక్కన దాని కారణాన్ని కూడా కామెంటుగా రాయండి. ఈ మధ్య చేరిన కుర్రవాడు 300ను 250 చేద్దామనుకుని, పక్కనున్న కామెంటు చదివి మేస్త్రీని అడిగాడు. ఇద్దరూ ఒక 250 ముక్క వెల్డు చేసి చదునైన బల్ల మీద పెడితే, ఒక మూల మూడు మిల్లీమీటర్లు పైకి లేచింది. రూలులో 300 అలాగే ఉంది.