రైళ్లు పడుకునే రోజు నాటింగ్‌హామ్‌లో మ్యాచ్

సంక్రాంతి వస్తే మన ఆర్టీసీలు వేల సంఖ్యలో స్పెషల్ బస్సులు తిప్పుతాయి. ఛార్జీలు ఎక్కువని తిట్టుకుంటాం, సీటు దొరక్కపోతే నిలబడైనా వెళతాం. పండగంటే బళ్లు పెరగాలన్నది మన లెక్క. ఇంగ్లండ్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. డిసెంబర్ 24 సాయంత్రం రైళ్లు మామూలు కంటే ముందే ఆగిపోతాయి. 25న రైలన్నదే కనిపించదు, లండన్‌లో ట్యూబ్ (భూగర్భ మెట్రో), బస్సులు కూడా ఉండవు. 26న, అంటే బాక్సింగ్ డే నాడు, ట్యూబ్ కొంతవరకు నడుస్తుంది, ఎయిర్‌పోర్టుల వైపు ఏవో కొన్ని రైళ్లు తిరుగుతాయి. ఊరికీ ఊరికీ మధ్య నడిచే పెద్ద లైన్లు మాత్రం దాదాపు అన్నీ మూతే. జనం తక్కువగా ఉండే రోజులని, పట్టాలు చూసుకునే సంస్థ నెట్‌వర్క్ రైల్ మరమ్మతు పనులు కూడా అప్పుడే పెట్టుకుంటుంది. సరిగ్గా ఆ 26నే దేశమంతా ఫుట్‌బాల్ మ్యాచ్‌లు!

2024లో ఆ రోజు జాబితా చూడండి. చెల్సీ, ఫుల్‌హామ్ మ్యాచ్ స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో. రెండూ లండన్‌లో పక్కపక్క పేటల క్లబ్బులు, ఓపికుంటే నడిచి వెళ్లొచ్చు. అలాంటిది ఒక్కటీ పెట్టి, మిగతావాటిలో చాలావరకు దూరాభారం చేశారు. న్యూకాజిల్‌కి బర్మింగ్‌హామ్ నుంచి ఆస్టన్ విల్లా వాళ్లు రావాలి, ఒక్క వైపుకే 200 మైళ్ల దాకా ఉంటుంది. బోర్న్‌మత్‌కి లండన్ నుంచి క్రిస్టల్ ప్యాలెస్ వాళ్లు. లివర్‌పూల్, లెస్టర్ మ్యాచ్ లివర్‌పూల్‌లో, రాత్రి 8కి మొదలు. అది టీవీ కోసం పెట్టిన టైమని వేరే చెప్పక్కర్లేదు. లెస్టర్ అభిమాని ఇంటికి చేరేసరికి ఏ టైమవుతుందో ఆ జాబితా వేసినవాళ్లకు పట్టినట్టు లేదు.

నేను వెళ్లింది నాటింగ్‌హామ్ ఫారెస్ట్, టాటెన్‌హామ్ మ్యాచ్‌కి, మధ్యాహ్నం 3కి మొదలు. మా అక్క కొడుకు అక్కడే ఎంఎస్సీ చదువుతున్నాడు, ఫారెస్ట్ మెంబర్‌షిప్ కూడా తీసుకున్నాడు. "మావయ్యా, టికెట్ నేను చూసుకుంటా, మీరు వచ్చేయండి చాలు" అన్నాడు. వచ్చేయడమే కదా అసలు సమస్య. నేనుండేది లండన్‌లో. మామూలు రోజుల్లో ఇక్కడి సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో ఎక్కితే గంటా నలభై నిమిషాల్లో నాటింగ్‌హామ్‌లో దిగొచ్చు. 26న ఆ దారి లేదు.

సొంత కారుంటే అదే సుఖం. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా లండన్ నడిబొడ్డున కార్లకు వేసే కంజెషన్ ఛార్జ్ కూడా ఉండదు. కానీ స్టేడియం చుట్టూ ఇళ్ల వీధులు, మ్యాచ్ రోజు అక్కడ పార్కింగ్ పెద్ద తలనొప్పి. పైగా డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడిపోతుంది, ఆ చీకట్లో ఎం1 హైవే మీద తిరుగు ప్రయాణం. 24నే రైల్లో వెళ్లిపోతే అదనంగా రెండు రాత్రులు హోటల్ కట్టుకోవాలి, 25న ఊళ్లో టీ కూడా దొరకని పరిస్థితి. అందుకే విక్టోరియా కోచ్ స్టేషన్ నుంచి బస్సు ఎంచుకున్నాను. దూరప్రాంత కోచ్‌లు మాత్రం బాక్సింగ్ డే నాడు తగ్గించి అయినా నడుస్తాయి. అయితే పొద్దున్నే విక్టోరియా చేరడానికి ట్యూబ్ అందదు, ఆ రోజు అది ఆలస్యంగా మొదలవుతుంది. క్యాబ్‌కి పెట్టిన డబ్బు బస్సు టికెట్ కంటే ఎక్కువైంది. లెక్క వేసేవాళ్లు ఇది కూడా కలుపుకోండి.

బస్సులో సగం మంది నాలాగే విద్యార్థుల బంధువులూ పనులకు వెళ్లేవాళ్లూ. కోటు జిప్పు కింద నుంచి టాటెన్‌హామ్ వాళ్ల తెల్ల స్కార్ఫ్ కొసలు కనిపిస్తున్నవాళ్లు కూడా కొందరున్నారు. నా పక్క సీటు పెద్దాయన ఫారెస్ట్ మనిషి, కూతురింట్లో పండగ చేసుకుని వెనక్కి వెళుతున్నాడు. ఆయన 1963 బాక్సింగ్ డే సంగతి ఎత్తాడు. ఆ ఒక్కరోజు ఫస్ట్ డివిజన్‌లో (అప్పటి అగ్రశ్రేణి లీగ్) 10 మ్యాచ్‌లు, 66 గోల్స్! ఫుల్‌హామ్ 10-1తో ఇప్స్‌విచ్‌ని చిత్తు చేస్తే, రెండు రోజులకే ఇప్స్‌విచ్ సొంత ఊళ్లో 4-2తో ఫుల్‌హామ్‌ని కొట్టి పంపింది. అంతకు ముందైతే క్రిస్మస్ నాడే ఆడేవాళ్లు. 1957 దాకా ఆ రోజున పూర్తి స్థాయి మ్యాచ్‌లు జరిగాయి. "ఇప్పుడు నా ఊరి మ్యాచ్‌కి వెళ్లడానికే నాకు గతిలేదు" అని ఆయన నవ్వాడు. నిజానికి ఆయన కోపంగా ఉన్నాడు, నవ్వు పైపైనే.

మూడున్నర గంటల్లో బ్రాడ్‌మార్ష్ బస్ స్టేషన్‌లో దిగాం. బస్సు శుభ్రంగానే ఉంది, టైముకే చేరింది. టాయిలెట్ మాత్రం సగం దారి నుంచి తాళం వేసి పెట్టారు, మధ్యలో ఆపిందీ లేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు జాగ్రత్త.

అక్కడి నుంచి సిటీ గ్రౌండ్‌కి నడక, అరగంట లోపే. రైల్వే స్టేషన్ ముందు నుంచే వెళ్లాం. గేట్లు మూసేసి ఉన్నాయి, గేటు ముందు ఒకాయన ఫోన్‌లో టైమ్‌టేబుల్ వెతుక్కుంటున్నాడు. పాపం, ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. ట్రెంట్ వంతెన ఎక్కితే మాత్రం ఆ పొద్దుటి అలసట పోతుంది. ఏటి ఒడ్డునే స్టేడియం, దాని పక్కనే మన క్రికెట్ వాళ్లందరికీ తెలిసిన ట్రెంట్ బ్రిడ్జ్ మైదానం, ఏటికి ఈ ఒడ్డున నాట్స్ కౌంటీ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం మెడో లేన్. మూడు మైదానాలు ఇంత దగ్గరగా ఉన్న చోటు నేను ఇంకెక్కడా చూడలేదు. వంతెన మీద మేనల్లుడు ఆపి, "మావయ్యా, మనం కూర్చునేది ఫారెస్ట్ వాళ్ల మధ్యలో, స్పర్స్ (టాటెన్‌హామ్) వైపు మాట్లాడకండి" అని హెచ్చరించాడు. మాట్లాడే అవసరం రాలేదు. 28వ నిమిషంలో గిబ్స్-వైట్ అందించిన బంతిని ఫారెస్ట్ ఆటగాడు ఎలాంగా గోల్‌లోకి పంపాడు, చివర్లో టాటెన్‌హామ్ ఆటగాడు స్పెన్స్ రెడ్ కార్డు తీసుకున్నాడు, 1-0తో అయిపోయింది. ఫారెస్ట్ మూడో స్థానానికి చేరింది. సెకండ్ హాఫ్ అంతా లైట్ల కిందే. టాటెన్‌హామ్ అభిమానులు ఓ మూల కిక్కిరిసి, ఓడిపోతూ కూడా పాడుతూనే ఉన్నారు. ప్రీమియర్ లీగ్‌లో బయటి జట్టు అభిమానుల టికెట్‌కి 30 పౌండ్ల పరిమితి 2016 నుంచి ఉంది. ప్రయాణానికి అయ్యే ఖర్చుకి మాత్రం ఏ పరిమితీ లేదు.

ఆ రాత్రి స్టేషన్ దగ్గర ఓ బడ్జెట్ హోటల్లో దిగాను. పండగ మర్నాడు కాబట్టి రూము మామూలు వారాంతం కంటే చవకగా వచ్చింది. రిసెప్షన్ అమ్మాయి పొద్దున్నే బ్యాగు దాచి పెట్టింది, మంచి మనిషి. వెబ్‌సైట్‌లో వేడి టిఫిన్ అని రాశారు గానీ, తెల్లారి కాగితం సంచిలో మఫిన్, అరటిపండు చేతికిచ్చారు. రాత్రి భోజనం మేనల్లుడి ఇంట్లోనే. లెంటన్‌లో వాళ్ల ఇల్లు. ఇంగ్లిష్ కుర్రాళ్లంతా సొంతూళ్లకు పోయి వీధి బోసిగా ఉంది, మనవాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు? చారు, బంగాళదుంప వేపుడు. వాళ్ల రూమ్మేట్ వేర్‌హౌస్ షిఫ్ట్ ముగించుకుని పదింటికి వచ్చాడు. బస్సుల్లేక నలుగురు కలిసి ఒకరి కారులో వెళ్లారట. మ్యాచ్ చూడ్డానికి పోయినవాళ్ల గోల పేపర్లో వస్తుంది, ఇతని గోల రాదు.

27న రైళ్లు తిరిగి మొదలయ్యాయి, పొద్దున కాస్త ఆలస్యంగా. కిక్కిరిసినా కూర్చునే వచ్చాను.

2025లో బాక్సింగ్ డేకి ప్రీమియర్ లీగ్‌లో ఒక్కటే మ్యాచ్ మిగిలింది, మాంచెస్టర్ యునైటెడ్, న్యూకాజిల్. అది కూడా రాత్రి 8కి, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో. న్యూకాజిల్ వాళ్లకు మ్యాచ్ అయ్యాక రాత్రికి రాత్రే సుమారు 150 మైళ్ల తిరుగు దారి, రైలు లేకుండా. ఫారెస్ట్, మాంచెస్టర్ సిటీ మ్యాచ్ 27న మధ్యాహ్నం 12.30కి పడింది. మేనల్లుడు మళ్లీ ఫోన్ చేశాడు. లండన్ నుంచి వెళ్లేవాళ్లు ఇలా 27న మ్యాచ్ పడిందని సంబరపడకండి: 27న తొలి రైళ్లు ఆలస్యం, ఏ పట్టాల పని మధ్యలో అడ్డొచ్చినా మొదటి గోల్ పోయినట్టే. 26 సాయంత్రం కోచ్ పట్టుకుని అక్కడే పడుకుంటే రూము చవక, పొద్దున వంతెన మీదుగా నడక.