మా హెర్మన్ తాబేలు, దాన్ని ఇచ్చిన బ్రీడర్: ఆరేళ్ల తర్వాత నా రివ్యూ

మేము ఉండేది డల్లాస్ దగ్గర. 2019 మార్చిలో ఒక బ్రీడర్ (తాబేళ్లని ఇంట్లోనే పొదిగించి, పెంచి అమ్మేవాళ్లు) దగ్గర ఆడ హెర్మన్ తాబేలు తీసుకున్నాం, ఇవి దక్షిణ యూరప్‌లో నేల మీద బతికే చిన్న రకం, మా పాప దానికి బంగారి అని పేరు పెట్టింది. ఇది మాకు రెండోది. మొదటిది నాలుగు నెలలు కూడా బతకలేదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మొదటిది 2018లో రెప్టైల్ ఎక్స్‌పోలో (పాములు, తాబేళ్లు లాంటివి అమ్మే మేళా) కొన్నాం, 250 డాలర్లు, రెండు ఇంచులు కూడా లేదు. అమెరికాలో 4 ఇంచుల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్లని పెట్స్‌గా అమ్మకూడదని 1975 నుంచి రూల్ ఉంది, పిల్లలకి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అంటుకుంటుందని పెట్టారు. అమ్మినాయన ఆ రూల్ తప్పించుకోడానికి 'చదువు కోసం' అని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని చేతిలో పెట్టేశాడు, ఆ సంతకం ఎందుకో మేమూ అడగలేదు, ఇంట్లో నాలుగేళ్ల పిల్ల ఉంది మరి. రెండు నెలలు బాగానే తిన్నది కానీ బరువు పెరగలేదు, తర్వాత తినడం మానేసింది, డిప్ప మెత్తబడింది. రెప్టైల్స్ చూసే డాక్టర్ కిడ్నీలు పోయాయన్నారు. గుడ్డులోంచి వచ్చిన మొదటి వారాల్లో తేమ లేని పొడి డబ్బాలో పెట్టి, నీళ్లలో కూర్చోబెట్టకుండా పెంచితే లోపల దెబ్బ అప్పుడే తగులుతుందట, బయటికి కనిపించేది మాత్రం నెలల తర్వాత. అంటే మేం కొనేసరికే అయిపోయింది. పాప రోజూ పొద్దున్నే లేచి ఖాళీ డబ్బా దగ్గరికి వెళ్లేది, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అందుకే రెండోసారి నేను అడిగిన మొదటి ప్రశ్న ధర కాదు, పుట్టిన మొదటి రెండు నెలలు ఎలా పెంచారు అని. ముగ్గురు సరిగ్గా జవాబు చెప్పలేదు. నాలుగో ఆయన 2015లో పుట్టిన తాబేలు (అదే మా బంగారి) తూకాల షీట్ పంపాడు, 12 గ్రాములతో మొదలై నెలనెలా బరువు రాసి ఉంది, రోజూ అరగంట గోరువెచ్చని నీళ్లు, తడి మట్టి, అన్నీ. తల్లీ తండ్రీ ఆయన పెరట్లోనే ఉన్నాయి, వీడియో కాల్‌లో చూపించాడు. గుడ్లు ఎంత వేడిలో పొదిగించాడో కూడా చెప్పాడు, వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి పుడతాయి. మోషన్ టెస్ట్ రిపోర్ట్ అడక్కుండానే ఇచ్చాడు. 650 డాలర్లు అన్నప్పుడు మా ఆయన వెనకాడారు, కానీ డిప్ప 4 ఇంచులు దాటింది, బుడిపెలు లేకుండా నున్నగా ఉంది. మేం జనవరిలో అడిగితే ఈ చలిలో కొరియర్ చెయ్యను, మార్చి దాకా ఆగండి అన్నాడు, డబ్బులు కూడా మార్చిలోనే తీసుకున్నాడు.

అసలు విలువ తెలిసింది మాత్రం 2021 ఫిబ్రవరిలో. టెక్సాస్‌లో మంచు తుఫాను, మాకు రెండ్రోజులు కరెంట్ లేదు, ఇంట్లోనే 48 డిగ్రీల ఫారెన్‌హీట్, హీట్ ల్యాంప్ ఆగిపోయింది, రాత్రి పదకొండుకి ఆ బ్రీడర్‌కి ఫోన్ చేస్తే ఎత్తాడు. హ్యాండ్ వార్మర్లు (చేతులు వెచ్చబెట్టుకునే ప్యాకెట్లు) పెట్టొద్దు, కాసేపు వేడి కాసేపు చలి అయితేనే ప్రమాదం, తిండి అస్సలు పెట్టొద్దు, చలికి అరగదు, కడుపులోనే కుళ్లుతుంది, పొడి మట్టి వేసిన పెట్టెలో పెట్టి బయటి గోడ లేని క్లోజెట్‌లో ఉంచండి, వీటి సొంతూళ్లలో చలికాలమంతా నిద్రపోయేవే అన్నాడు. అలాగే చేశాం. కరెంట్ వచ్చాక మెల్లగా వేడి పెంచి గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెడితే మధ్యాహ్నానికి మందార ఆకులు తినేసింది. అమ్మి రెండేళ్లయిన తాబేలు కోసం అర్ధరాత్రి అంత ఓపిగ్గా మాట్లాడిన మనిషిని నేను మర్చిపోను.

లోపాలూ ఉన్నాయి. మెసేజ్‌కి జవాబు నాలుగు రోజులకి వస్తుంది, కార్డు తీసుకోడు. పెరట్లో వదలమన్నాడు గానీ ఫైర్ యాంట్స్ (మంటపుట్టేలా కుట్టే చీమలు) సంగతి చెప్పలేదు, ఆయనది వేరే రాష్ట్రం, అక్కడ లేవేమో. మా పెరట్లో ఆ పుట్టలు చూసి భయపడి ఆవరణ మొత్తం మార్చాం. ఎండకి బదులు ఇంట్లో పెట్టే యూవీబీ ట్యూబ్ లైట్ ఏడాదికోసారి మార్చాలి, ఆ ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి.

రష్యన్ తాబేలు చవగ్గా దొరుకుతుంది కదా అని చాలామంది అడుగుతారు, అవి ఎక్కువగా మధ్య ఆసియాలో అడవి నుంచి పట్టి తెచ్చేవి, పురుగులతో వస్తాయి. సల్కాటా అనే ఆఫ్రికా తాబేలు పిల్ల ముద్దుగా ఉంటుంది కానీ 80, 100 పౌండ్లు పెరుగుతుంది. ఇంకో మాట, హైదరాబాద్‌లో మా పెద్దమ్మ వీడియో కాల్‌లో బంగారిని చూసి నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందట, ఒకటి కొనుక్కుంటాం అంది. వద్దని గట్టిగా చెప్పా. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, అక్కడ దొంగచాటుగా అమ్మేవి మన పొదల్లోంచి, పొలాల్లోంచి ఎత్తుకొచ్చేవే, మంచి బ్రీడర్ అనే మాటే అక్కడ లేదు.

మేం పెంచలేకపోతే ఎవరికో ఇవ్వకుండా ముందు తనకే తిరిగి ఇవ్వాలని ఆయన మాతో రాయించుకున్నాడు, 50 ఏళ్లు దాటి బతికేది కదా. పాప ప్రతి ఒకటో తారీఖు తూకం వేసి ఆ పాత షీట్ కిందే రాస్తోంది, మొన్నటిది 1042 గ్రాములు.