శంషాబాద్ నుంచి రేణిగుంట: గాలిలో గంట, గుమ్మం నుంచి ఆరున్నర

అమ్మకు మోకాళ్లు అరిగి రెండేళ్లయింది. బస్సులో రాత్రంతా కాళ్లు ముడుచుకుని కూర్చోలేదు. వందేభారత్‌లో పగటిపూటే వెళ్లొచ్చు కానీ, నల్గొండ, గుంటూరు, నెల్లూరు చుట్టి తిరుపతి చేరేసరికి ఎనిమిది గంటలు దాటుతుంది. అందుకే ఈసారి విమానంలో తీసుకెళ్లాను. "గంటలో తిరుపతి" అంటారు కదా, ఆ గంట సంగతి పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను.

రెండు ఎయిర్‌పోర్టుల మధ్య నేరుగా దూరం దాదాపు 420 కిలోమీటర్లు. అదే హైదరాబాద్ నుంచి రోడ్డున, కడప మీదుగా వెళ్తే 550 దాటుతుంది. మేమెక్కింది రెక్కలకు ఫ్యాన్లుండే ఏటీఆర్. పెద్ద విమానాలకంటే నెమ్మదే, గంటకు 500 కిలోమీటర్లు. కానీ ఇంత దగ్గరి ప్రయాణానికి పావుగంటో ఇరవై నిమిషాలో తేడా, అంతే. తలుపు వెనకవైపు ఉంటుంది, నేలకు దగ్గరగా నాలుగైదు మెట్లే. అమ్మ నా భుజం పట్టుకుని ఎక్కేసింది. వరుసకు అటు రెండు, ఇటు రెండు సీట్లు. ముందు వరుసల్లో ఫ్యాన్ల మోత ఎక్కువ, వెనక సీట్లే తీసుకోండి.

రెక్కలు కిటికీల పైన ఉంటాయి, పైగా మరీ ఎత్తున ఎగరదు. అందుకే నేల చక్కగా కనిపిస్తుంది. ఎడమ కిటికీలోంచి కృష్ణ, శ్రీశైలం జలాశయం, ఆ వెనకే నల్లమల. అమ్మ చేతులు జోడించి, "మల్లన్న దర్శనం కూడా అయిందే" అంది. ఇంకాసేపటికి పెన్న మీద సోమశిల నీళ్లు. నాకు టికెట్ డబ్బులు అక్కడే వచ్చేశాయి.

ఇక టైమ్. మియాపూర్‌లో 5.45కి బయల్దేరి, గచ్చిబౌలి దగ్గర ఔటరెక్కి, 7.10కి శంషాబాద్ చేరాం. వీల్‌చైర్ ముందే చెప్పి ఉంచాను, ఇబ్బంది కాలేదు. 9.15కి గాల్లోకి లేచి 10.20కి రేణిగుంటలో దిగాం. టాక్సీలో అలిపిరికి 11.20. అక్కడ అందరూ దిగి, సామాను స్కానింగ్‌కి పెట్టాలి. అమ్మకు మొత్తం ప్రయాణంలో కష్టమైంది అదే. ఘాట్ రోడ్డెక్కి కొండ మీదికి చేరేసరికి 12.20. అంటే ఇంటి నుంచి ఆరు గంటల 35 నిమిషాలు. మధ్యాహ్నం స్లాట్ దర్శనం ఉంటే, కనీసం రెండు గంటలు అదనంగా పెట్టుకోండి. నేను సాయంత్రం స్లాట్ తీసుకున్నాను కాబట్టి టెన్షన్ పడలేదు.

ఒక్కటి మాత్రం నచ్చలేదు. పైన అరలు చిన్నవని ట్రాలీ బ్యాగును మెట్ల దగ్గరే తీసేసుకున్నారు. అమ్మ బీపీ మాత్రలు అందులోనే ఉన్నాయి. తీసుకోనివ్వమంటే, "లేటవుతుంది మేడమ్" అని విసుక్కున్నారు. ఆ గంటసేపూ నా గుండె గుండెలో లేదు. బ్యాగు తీసేసుకుంటామని లైన్లో నిలబడక ముందే వాళ్లు చెప్పాల్సింది. మందులు మాత్రం చేతిసంచిలో వేసుకోండి.

వచ్చే నెల అత్తయ్యను కూడా ఇలాగే తీసుకెళ్తున్నాను. తిరుగు ప్రయాణంలో శ్రీశైలం కుడివైపు వస్తుంది, కిటికీ సీటు అటువైపు అడగండి.