కాలవ కట్టల మీద మోటరు కుర్చీ: మూడో ఎడగారులో రాస్తున్న రివ్యూ

వీల్‌చైర్ ముందు తగిలించుకునే మోటరు అటాచ్‌మెంట్ ఒకటి కొన్నా, దాంతో నెల్లూరు జిల్లాలో మా బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల కాలవ కట్టలు, డొంకలు, చెరువు కట్టలు తిరగతా ఉండా. కొన్నాక ఇది మూడో ఎడగారు (మా వైపు ఎండాకాలం వేసే రెండో పంట), అంటే కొత్త మోజంతా తీరిపోయి బండి గుణమేందో, బుద్ధేందో తెలిసినాకే రాస్తున్నా. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇరిగేషన్ వాళ్ల జీపు పోయే ప్రతి చోటికీ ఇది పోతుంది, జీపు పోని చోటికి ఇది కూడా పోదు, ఎవరన్నా ఆఫ్‌రోడ్ అనీ ఆల్ టెర్రైన్ అనీ చెప్తే నమ్మబాకండి.

కంపెనీ పేరు రాయను, తిట్టాల్సినవి కొన్ని ఉండాయి గనక. ఈ రకం బండి ఎట్టుంటుందో తెలియనోళ్లు మద్రాస్ ఐఐటీలో పుట్టిన నియోమోషన్ వాళ్ల నియోబోల్ట్ ఫొటో చూడండి, నాది ఆ జాతే గానీ వేరే వాళ్లది. ముందు ఒకటే చక్రం, మోటరు ఆ చక్రంలోనే ఉంటుంది, పైన హ్యాండిల్, మధ్యలో లిథియం బ్యాటరీ. కుర్చీకి తగిలించి లివర్ కిందికి నొక్కితే కుర్చీ ముందు భాగంలో ఉండే బుల్లి చక్రాలు రెండూ నేల మీద నుంచి లేస్తాయి, అప్పుడిది మూడు చక్రాల బండి. ఆ బుల్లి చక్రాలు లేవడంలోనే ఉంది కిటుకంతా, మన రోడ్ల మీద వీల్‌చైర్‌లో ఉన్న మనిషిని బోర్లా పడేసేది అవే కదా, చిన్న గులకరాయి తగిలినా అవి ఆడే ఆగిపోతాయి, మనం మాత్రం ముందుకు పోతాం.

నాకు చిన్నప్పటి పోలియో. కాలిపరు (కాలికి తొడిగే ఇనప పట్టీ), చంకకర్రలతోనే చదువు, పెళ్లి, షాపు అన్నీ అయినాయి. నలభై దాటినాక భుజాలు నొప్పులెత్తినాయి, బాగున్న కాలు కూడా బలం తగ్గింది. పోలియో వచ్చిన చాలామందికి ముప్పై నలభై ఏళ్ల తర్వాత ఇట్ట అవుతుందంట, పోస్ట్ పోలియో అంటారు. అట్ట కుర్చీలోకి వచ్చినా. అంతకుముందు సైడ్ వీల్స్ వేసిన స్కూటీ ఉండేది, దాని గొప్ప దానిదే, నెల్లూరు దాకా దర్జాగా పోయొచ్చేదాన్ని, కానీ దిగినాక మళ్లీ కర్రలే గతి. కేంద్ర ప్రభుత్వ కంపెనీ అలిమ్కో చేసే మోటరు ట్రైసైకిల్ అయితే గవర్నమెంటు స్కీములో 80 శాతం పైన వైకల్యం సర్టిఫికెట్టు ఉన్నోళ్లకే, నాది అంత లేదు, పైగా అది ఇంట్లోకి వచ్చే బండి కాదు. ఇదైతే యాడికన్నా పోయి ముందు చక్రం ఊడదీసి పక్కన పెడితే ఇంట్లో తిరిగే కుర్చీ అదే, మా పిన్నమ్మ వాళ్ల వంటింటి దాకా పోయి కూర్చోవచ్చు. మోటరు 250 వాట్ల లోపు, స్పీడు గంటకి 25 కిలోమీటర్ల లోపు కాబట్టి రిజిస్ట్రేషన్, లైసెన్సు గొడవ లేదు. హైవే ఎక్కే పని మాత్రం పెట్టుకోబాకండి, లారీ పక్కన పోతే ఆ గాలికే హ్యాండిల్ గుంజుతుంది.

ఇక కట్టల సంగతి. కొండల్లో దారులు, అడవిలో ట్రెక్కింగులు అని యూట్యూబులో ఎవరెవరో చూపిస్తా ఉంటారు, మనకి ఆ రాళ్ల దారులతో పనేంది, మన పెన్నా డెల్టాలో కాలవ కట్టలున్నాయి. సంగం ఆనకట్ట కాడ పెన్నా నీళ్లు మలుపుకొని కనిగిరి రిజర్వాయరుకి వస్తాయి (ప్రకాశం జిల్లా కనిగిరి అనుకునేరు, ఇది మా బుచ్చి పక్కనే ఉండేది), ఆడ నుంచి కోవూరు వైపు కయ్యలన్నిటికీ (వరి మళ్లకి) కాలవలు పోతాయి. కాలవలో నీళ్లు వాటంతటవే పారాలి కాబట్టి వాలు బో తక్కువగా, కంటికి తెలియనంతగా పెట్టి తవ్వుంటారు, కట్ట కూడా ఆ వాలునే పోతుంది, అంటే కిలోమీటర్ల కొద్దీ ఎత్తు లేదు పల్లం లేదు. పెద్ద కాలవలకి రెండు కట్టల్లో ఒకటి జీపు పోయేంత వెడల్పు ఉంటుంది, రెండోది మనిషి నడిచే అంత. మన కుర్చీకి ఆ వెడల్పు కట్టే కావాలి, ఆడ గ్రావెల్ తోలుంటే ఇంకేం అడగను. పొద్దున్నే పోతే ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క నాటేసిన కయ్యలు, నత్తగుల్ల కొంగలు కయ్యల్లో వంగి ఏరుకుంటా ఉంటాయి. నడిచే మనిషికి ఎగిరిపోయే కొంగ కుర్చీకి ఎందుకో ఎగరదు, సగం ఎత్తులో కూర్చొని చప్పుడు లేకుండా పోతామనేమో.

చిక్కంతా కట్ట ఎక్కే కాడ. గుళ్లు, ఆఫీసుల ర్యాంపులకి అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలని లెక్క ఉంది, ట్రాక్టరు కట్ట ఎక్కే దారికి ఆ లెక్క ఎవరు చెప్తారు. ఈ బండికి మోటరు ముందు చక్రంలో ఉంది, మన బరువేమో వెనక చక్రాల మీద ఉంది, ఎగువకి తిరిగేసరికి ఉన్న కాస్త బరువు కూడా వెనక్కే పోతుంది. అప్పుడు గ్రావెల్ మీద ముందు చక్రం ర్రుమని ఒకేచోట తిరగతా గులకని కాళ్ల మీదకి ఎగజిమ్ముతుంది, బండి జానెడు కూడా కదలదు, బ్రేకు పట్టకపోతే వెనక్కి జారుతుంది. మోటరుకి బలం లేక కాదు, పట్టు లేక. దీనికి నాకు తెలిసిన మందు రెండే. ఒకటి, ఐదు లీటర్ల నీళ్ల క్యాను ముందు హ్యాండిల్‌కి తగిలించడం, ఎట్టాగూ నీళ్లు కావాలి కదా. రెండు, ఎక్కేటప్పుడు రొమ్ము హ్యాండిల్‌కి ఆనించి ముందుకి వాలిపోవడం. రెండూ కలిపితే మామూలు ర్యాంపులు ఎక్కుతుంది. ఎక్కని కాడ ఎక్కదు, అంతే. ఒకసారి ఒక దాని కాడ నేను తంటాలు పడతా ఉంటే కాలవ చూసుకునే లష్కరు, పెద్దాయన, సైకిల్ ఆపి చూసి "ఇది గొడ్లెక్కే దారమ్మాయ్, ఇంకో ఫర్లాంగు పోతే లాకు కాడ జీపు దారుంది, ఆడెక్కు" అన్నాడు. నేను పైన చెప్పిన జీపు లెక్క ఆయన చెప్పిందే. ఆ రోజు నుంచీ కొత్త ఊరికి పోతే ముందు లష్కరు ఎవరో కనుక్కుంటా, గూగుల్ మ్యాపు కంటే ఆ మనిషికే ఎక్కువ తెలుసు, యాడ గండి పడింది, యాడ ఇసక ట్రాక్టర్లు పోకుండా గుంజలు పాతినారు, ఆ గుంజల సందులో మన కుర్చీ పడుతుందా లేదా అన్నీ చెప్తాడు.

దిగేటప్పుడు ఇంకా జాగర్త. బ్రేకు ముందు చక్రానికే ఉంది, గ్రావెల్ మీద గట్టిగా నొక్కితే చక్రం లాకైపోయి పక్కకి జారుతుంది. అందుకని ముందు బ్రేకు కొంచెం కొంచెంగా వదులుతా నొక్కతా, రెండో చేత్తో వెనక చక్రం రిమ్ము రాసుకుంటా దిగాలి, చేతికి గ్లౌజు ఉండాలి, సైకిల్ షాపులో దొరికే మామూలు గ్లౌజు చాలు.

కాలం చూసుకోవాలి. నల్లరేగడి డొంకల్లో వాన పడినాక పోతే మట్టి చక్రానికి రొట్టె మాదిరి చుట్టుకొని మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది, పుల్లతో గీకడం తప్ప దారి లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఎట్టాగూ ఈశాన్య వానలు, తుఫాన్లు, దాంతోపాటే దమ్ములు, ట్రాక్టర్లు కేజీవీల్స్‌తో (దమ్ముకి వేసే ఇనప చక్రాలు) రోడ్డెక్కి కట్టంతా దువ్వెన గీతలు పెట్టిపోతాయి, ఆ గీతల మీద పోతే పళ్లు కూడా కొట్టుకుంటాయి. సంక్రాంతి నుంచి కోతల దాకా బ్రహ్మాండం. కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, ఆ సగం రోడ్డు వాళ్లదే అనుకోవాలి, అయినా ఎవరూ విసుక్కోలా, పట్ట లాగి దారిచ్చేవాళ్లే, కాకపోతే ప్రతి పట్ట కాడా "ఎంతక్కా ఈ బండి", "చార్జింగా పెట్రోలా", "మా మామకి ఒకటి కావాల, గవర్నమెంటు ఇస్తాదా" అని ఇంటర్వ్యూ అయినాకే పంపిస్తారు. కుర్చీతో కలిపి లక్ష దాటింది అంటే మాత్రం మూతి మూసుకుంటారు.

బ్యాటరీకి కంపెనీ వాళ్లు చెప్పే కిలోమీటర్లు తారు రోడ్డు మీద, సన్నగా ఉన్న మనిషికి, గాలి లేని రోజుకి. కట్ట మీద అందులో మూడింట రెండొంతులు లెక్క వేసుకోండి. ఈ గాలి సంగతి మన జిల్లా వాళ్లకి ముఖ్యం. సాయంత్రం సముద్రం మీద నుంచి తూర్పు గాలి లేస్తుంది కదా, నేను సంగం వైపు అంటే పడమటికి పోయేటప్పుడు అది వీపున తోస్తుంది, బ్యాటరీ తగ్గినట్టే ఉండదు, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురు, బ్యాటరీ గీతలు టపటపా పడిపోతాయి. అందుకే సాయంత్రాలు ముందు తూర్పుకి పోయి, వచ్చేటప్పుడు గాలితో వస్తా. ఎండాకాలం అయితే తొమ్మిది లోపల ఇంట్లో ఉండాలి, ఎండలో తిరిగొచ్చి కాలిపోతున్న బ్యాటరీని వెంటనే చార్జింగు పెట్టబాకండి, చల్లారనీండి.

ముళ్లు. సర్కారు తుమ్మ లేని డొంక మన జిల్లాలో ఉందా? రైతులు కొట్టి దడికి వేస్తారు, దాంట్లో నుంచి రాలిన ముల్లు అంగుళం పైనే ఉంటుంది, మూడు చక్రాలు కాబట్టి మూడు రెట్లు పంచర్లు. గాలి అక్కర్లేని గట్టి టైర్లు వేయించుకోమని సలహా ఇస్తారు, వేయించి చూసినా, పంచరు లేదు నిజమే, కానీ ప్రతి రాయీ వెన్నుపూసకి చెప్పి మరీ పోతుంది, నెల తిరక్కుండా తీయించేసినా. ట్యూబులో పోసే సీలెంటు టూవీలర్ షాపుల్లో దొరుకుతుంది, అది పోయిస్తే చిన్న ముళ్లకి దిగులు లేదు. పోలియో వాళ్లకి ప్రత్యేకంగా చెప్పేది: బలం లేని కాలు కుదుపులకి ఫుట్‌రెస్ట్ మీద నుంచి జారి కింద పడుతుంది, మనం చూసుకునేలోపు మడమ నేలకి రాసుకుపోతుంది. పిక్క వెనక, పాదం మీద వెల్క్రో పట్టీలు రెండు ఖచ్చితంగా కట్టుకోండి. ఆడవాళ్లు చున్నీ వెనక్కి ముడేసుకోండి, వెనక చక్రం పుల్లల్లోకి పోయిందంటే మెడ దాకా లాగుతుంది.

బాత్రూం సంగతి ఎవరూ రాయరు గానీ ఆడవాళ్లకి అదే అసలు రేంజి, బ్యాటరీ కాదు. కట్ట మీద చాటు ఉండదు, పెట్రోలు బంకుల్లో ఉంటే మెట్టు ఉంటుంది, మెట్టు లేకపోతే తలుపులో కుర్చీ పట్టదు. నీళ్లు తాగకుండా పోవడం అలవాటు చేసుకోబాకండి, యూరిన్ ఇన్‌ఫెక్షన్ తెచ్చుకుంటారు. రెండు గంటల్లో ఇంటికో తెలిసినోళ్ల ఇంటికో చేరే దారే నేను పట్టుకునేది.

దూరం చోట్లకి ఆటోలో వేసుకొని పోతా, ముందు చక్రం వేరుగా, కుర్చీ మడిచి వేరుగా. నేలపట్టు పక్షుల కేంద్రానికి (2022 నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది, మాకు మాత్రం ఇంకా నెల్లూరే) చలికాలంలో పోవాల్సిందే, పక్షుల్ని చూసే టవర్లకి మెట్లు కాబట్టి వదిలేయండి, చెరువు కట్ట మీద నుంచే నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకొని పిల్లలకి మేత పెట్టేది కనిపిస్తుంది. సంగం బ్యారేజీ 2022 సెప్టెంబరులో ప్రారంభమైనాక పైన రోడ్డు ఉంది కాబట్టి నది మధ్య దాకా పోయి కాసేపు ఆగి నీళ్లు చూసుకోవచ్చు. పెంచలకోనలో గుడి దాకా సరే, జలపాతం వైపు రాళ్లే, ఆశ పెట్టుకోబాకండి. మైపాడు బీచి మాత్రం బాధే, రోడ్డు అయిపోయిన కాడ నుంచి ఇసకలో ముందు చక్రం గుంత తవ్వుకొని కూరుకుపోయింది, చేపల వాళ్లు నలుగురు కుర్చీతో సహా ఎత్తి వెనక్కి పెట్టినారు. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో వికలాంగుల కోసం అలల దగ్గర దాకా చెక్క బాట వేసినారు, మరుసటి నెల మాండూస్ తుఫానుకి దెబ్బతింటే మళ్లీ బాగు చేసినారు కూడా. మైపాడుకి అంత బాట ఏం ఖర్చు, బకింగ్‌హాం కాలవ మీద అన్ని వంతెనలు కట్టుకున్నోళ్లం.

సర్వీసు అధ్వానం. వానలో తడిసి డిస్‌ప్లే ఆరిపోతే కొరియర్లో పంపమన్నారు, నాట్లు మొదలైనప్పుడు పంపితే కలుపు తీతలప్పుడు వచ్చింది, ఆ కాలమంతా ఇల్లే. ఫోన్ చేసిన ప్రతిసారీ టికెట్ నంబరు చెప్పమనేది ఒక అమ్మాయి, మర్యాదగానే మాట్లాడేది పాపం, పని మాత్రం జరగలా. ఇప్పుడు డిస్‌ప్లేకి క్యారీబ్యాగు తొడిగి రబ్బరు వేసి తిరగతా ఉండా. మిగతావన్నీ, అంటే డిస్క్ బ్రేకు ప్యాడ్లు, పుల్లలు, ట్యూబులు సైకిలువే కాబట్టి మా ఊరి సైకిల్ షాపాయనే చేసేస్తాడు, ఆ ఒక్కటీ ఈ డిజైన్‌లో నాకు నచ్చిన తెలివి.

కొనాలనుకునేవాళ్లు డెమో అడిగితే షోరూం టైల్స్ మీదో, అపార్ట్‌మెంట్ సెల్లారులోనో తిప్పి చూపిస్తారు, అది డెమో కాదు. బండి తీసుకొని మీ ఊరికి రమ్మనండి, మీరు రోజూ పోయే దారిలో ఉన్న కట్ట ఎక్కించమనండి, వాళ్ల కుర్రోణ్ని కాదు మిమ్మల్ని కూర్చోబెట్టి, వెనక ఎవరూ తోయకుండా. రాలేం అన్నారంటే డబ్బులు కట్టబాకండి.